‘ప్లీజ్’ ఉన్నా ఆజ్ఞలా వినిపించిన ఉత్తరాలు: ఒక అరటి ఎగుమతి కార్యాలయం నుంచి కేస్ స్టడీ

అనంతపురం జిల్లాలో పుట్లూరు, యల్లనూరు, నార్పల, తాడిపత్రి ప్రాంతాల్లో డ్రిప్పు కింద పండే జీ-9 రకం అరటి గల్ఫ్ దేశాలకు పోతోందన్న సంగతి ఇప్పుడు కొత్తది కాదు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ నౌకాశ్రయానికి శీతల కంటైనర్లతో ప్రత్యేక రైలు కదిలినప్పుడు పత్రికలన్నీ గెలల గురించే రాశాయి. ఆ గెలల వెంట పోయే కాగితాల గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకుకు చీడపీడలు లేవన్న ధ్రువపత్రం), బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందుకున్నట్టు షిప్పింగ్ లైను ఇచ్చే పత్రం, పొట్టిగా బీఎల్), వీటిలో దేనిలో ఒక అక్షరం తేడా వచ్చినా అటువైపు వాళ్లకు ఇంగ్లీషులో ఉత్తరం రాసి సరిచేయించుకోవాలి. ఆ ఉత్తరాలు రాసేది చాలా చోట్ల మన పల్లెల నుంచి డిగ్రీ చదివి వచ్చిన పిల్లలే. ఉద్యోగులకు కార్యాలయ ఇంగ్లీషు నేర్పే పనిలో ఉన్న నా దగ్గరకు అటువంటి ఒక కార్యాలయం నుంచి వచ్చిన కేసు ఇది. అభ్యాసకురాలి అనుమతితో, ఆమెనూ సంస్థనూ గుర్తుపట్టడానికి వీల్లేకుండా వివరాలు మార్చి రాస్తున్నాను.

అభ్యాసకురాలు బీకాం చదివిన యువతి. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. ఎగుమతి పత్రాల పని పూర్తిగా ఆమె చేతి మీదుగానే జరుగుతుంది, ఆ పనిలో ఆమెకు వంక పెట్టేందుకు లేదు. చిక్కంతా ఉత్తరాలతో వచ్చింది. కొనుగోలుదారు సంస్థలో అంతవరకు ఈ వ్యవహారం చూసినవారు కేరళ మనిషి. ఆయన స్థానంలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక మహిళ చేరారు. కొద్ది రోజులకే ఆమె నుంచి యజమానికి నేరుగా ఒక ఉత్తరం వచ్చింది: మీ కార్యాలయం మాకు ఉత్తర్వులు ఇస్తున్నట్టు రాస్తోంది, పైగా మా చెల్లింపుల మీద అనుమానం వ్యక్తం చేస్తోంది, అటువంటిది ఏమైనా ఉంటే దయచేసి విడమరిచి చెప్పండి, అని దాని సారాంశం. యజమాని ఆ ఉత్తరాన్ని ముందు పెట్టి అడిగితే ఈ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. ‘ప్రతి లైన్‌లోనూ ప్లీజ్ అనో కైండ్లీ అనో పెట్టినా కదా సార్, ఇంకెంత మర్యాదగా రాయాల?’ అని నన్ను అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనది. ఈ కేసును విశదంగా రాయడానికి కారణం కూడా అదే.

తొలి పరిశీలన

వ్యాకరణ పరీక్ష పెట్టకుండా, గత కోతల కాలంలో ఆమె పంపిన ఉత్తరాలు తెప్పించుకుని చదివాను. నమూనాగా ఒకటి: ‘డియర్ మేడమ్, కైండ్లీ కన్ఫర్మ్ ద డ్రాఫ్ట్ బీఎల్ టుడే ఇట్‌సెల్ఫ్ అండ్ డూ ద నీడ్‌ఫుల్. ప్లీజ్ రివర్ట్ బ్యాక్ ఇమ్మీడియట్లీ.’ మరొకటి: ‘వై యూ హావ్ నాట్ రిప్లైడ్ టు మై మెయిల్? ఐ యామ్ వెయిటింగ్.’ ఫిర్యాదుకు అసలు కారణమైనది ఇంకొకటి: ‘ఐ హావ్ ఎ డౌట్ ఇన్ యువర్ పేమెంట్ అడ్వైస్. ప్లీజ్ క్లారిఫై.’

మొదట ఈ చివరిదాన్ని చూద్దాం. తరగతిలో పిల్లవాడు చేయెత్తి ‘సార్, డౌటు’ అంటే అర్థం కానిది అడుగుతున్నాడని మనకు తెలుసు. భారతదేశమంతటా ఇంగ్లీషులోనూ ఈ వాడుక ఉంది. ఇంగ్లండ్ మనిషికి మాత్రం ‘డౌట్’ అంటే నమ్మకం లేకపోవడం. చెల్లింపు పత్రం మీద డౌటు ఉందని రాస్తే, ఆ పత్రం నిజమైనదో కాదో అన్న శంక ఉందని ఆవిడ చదువుకున్నారు. మన అభ్యాసకురాలికి కావలసింది బ్యాంకు ఛార్జీలు పోగా వచ్చిన మొత్తానికీ ఇన్‌వాయిస్ మొత్తానికీ పొంతన ఎట్లా కుదురుతుందో తెలుసుకోవడం మాత్రమే. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్ ఎబౌట్ ద పేమెంట్ అడ్వైస్’ అని రాసి ఉంటే ఈ కేసు నా దాకా వచ్చేది కాదేమో. ఈ ఒక్క మాట మార్చుకోవడానికి ఆమెకు ఒక్క పూట కూడా పట్టలేదు. తక్కినవి అంత తేలిక కావు.

‘డూ ద నీడ్‌ఫుల్’ తప్పుడు ఇంగ్లీషని మన దగ్గర కొందరు వెక్కిరిస్తుంటారు. అది సరికాదు. ఒకప్పుడు బ్రిటిష్ వ్యాపార లేఖల్లో మామూలుగా కనిపించిన పలుకుబడి అది. అక్కడ వాడుక తప్పిపోయింది, మన కచేరీల్లో నిలిచిపోయింది. సమాధానమివ్వడమన్న అర్థంలో ‘రివర్ట్’ను కూడా నిఘంటువులు భారతీయ ఇంగ్లీషు వాడుకగా గుర్తిస్తున్నాయి. దాని పక్కన ‘బ్యాక్’ మాత్రం ఎక్కడైనా అదనమే. కలెక్టరేట్‌కో ముంబయిలోని క్లియరింగ్ ఏజెంటుకో రాసేటప్పుడు ఈ మాటలతో వచ్చే నష్టమేమీ లేదు. అయితే ‘కైండ్లీ’ సంగతి వేరు. ఇంగ్లండ్, అమెరికా పాఠకుల చెవికి అది ‘ప్లీజ్’ కంటే బిగువుగా తగులుతుంది, ఒక్కోసారి విసుగు దాచుకున్న హెచ్చరికలాగా కూడా వినిపిస్తుంది. దాని వెనకాలే ‘టుడే ఇట్‌సెల్ఫ్’, ‘ఇమ్మీడియట్లీ’ వచ్చి చేరితే మర్యాద కోసం పెట్టిన మాటే గద్దింపుకు బలం ఇస్తుంది.

ఫోన్‌లో ఇంకా ఇబ్బంది ఉంది. మనం ఫోనెత్తి ‘చెప్పండి’ అంటే ఆదరం. అదే అలవాటులో ఆమె ‘టెల్ మీ, మేడమ్’ అనేది. ‘ఎవరండీ మాట్లాడేది?’ కాస్తా ‘హూ ఆర్ యూ?’ అయ్యేది. వీటికి ‘హౌ కెన్ ఐ హెల్ప్ యూ?’, ‘మే ఐ నో హూ ఈజ్ కాలింగ్?’ అన్నవి అలవాటు చేయించాను. థాంక్స్ చెప్పినవారికి ‘మెన్షన్ నాట్’ అనే బదులు ‘యూ ఆర్ వెల్‌కమ్’ చాలు.

మర్యాద ఎక్కడ ఉంది

ఇంగ్లీషులో అడిగే పద్ధతి నేర్పేముందు తెలుగులో ఆమె ఎట్లా అడుగుతుందో తెలుసుకోవాలనిపించింది. ‘మీ ఊరి బ్యాంకుకు కొత్తగా వచ్చిన మేనేజరు గారిని పాసుపుస్తకం ఇవాళే కావాలని అడగాలంటే ఏమంటావమ్మా?’ అన్నాను. ‘ఏమనుకోకుంటే, వీలైతే ఈపొద్దే ఇప్పిస్తారా సార్, అంటా’ అంది. అదే పుస్తకాన్ని ఇంట్లో ఉన్న తమ్ముణ్ణి తెమ్మనాలంటే? ‘రేయ్, అది తీసుకురాపో, అంటా.’ మరి రోజూ చూసే కౌంటర్ గుమాస్తాను? ‘కొంచెం పుస్తకం ఇవ్వండన్నా, అంటా.’

తెలుగులో మర్యాద మెత్తని మాటల్లో కాదు, ‘అండి’లో, ‘గారు’లో మాత్రమే ఉంటుందని కొన్ని పాఠాల్లో చెబుతుంటారు. ఆమె జవాబులే ఆ మాటను తోసిపుచ్చుతున్నాయి. మనకు రెండు సరంజామాలు ఉన్నాయి. ఒకటి మనిషిని గౌరవించేది: మీరు, గారు, సార్, క్రియ చివర అండి. రెండోది ఎదుటివారి మీద మనం మోపుతున్న భారాన్ని తగ్గించేది: వీలైతే, కొంచెం, ఏమనుకోకుంటే, ‘ఇవ్వండి’కి బదులు ‘ఇస్తారా’. రోజువారీ వ్యవహారంలో మొదటిది ఒక్కటే చాలా పనులు చక్కబెడుతుంది కాబట్టి రెండోదాన్ని పెద్ద పనులకు అట్టిపెట్టుకుంటాం. ‘బీఎల్ చూసి పంపండి మేడమ్’ అన్నది తెలుగులో పూర్తి మర్యాద గల వాక్యం.

ఇంగ్లీషులో మొదటి సరంజామా చాలా తక్కువ. నువ్వు, మీరు అన్న తేడా లేదు, క్రియకు గౌరవ ప్రత్యయం లేదు. అందువల్ల బరువంతా రెండోదాని మీదే పడుతుంది. ఈ అమ్మాయి తన మొదటి సరంజామాను మాత్రమే ఇంగ్లీషులోకి మోసుకుపోయింది. ఆమె ఉత్తరాల్లో ‘ప్లీజ్’, ‘కైండ్లీ’, ‘మేడమ్’ అన్నవి క్రియ చివరి ‘అండి’ చేసే పనే చేస్తున్నాయి. ఇంగ్లండ్ పాఠకురాలికి మాత్రం ఆ వాక్యంలో మిగిలింది ‘కన్ఫర్మ్’, ‘డూ’, ‘రివర్ట్’ అన్న విధిరూపాలే, అంటే ఆజ్ఞ చెప్పే క్రియలే. కాదనడానికి, కుదరదనడానికి ఎక్కడా చోటు లేదు. నాలుగు ప్లీజ్‌లు చేర్చినా ఆ చోటు ఏర్పడదు. అది ప్రశ్నగా అడిగినప్పుడే ఏర్పడుతుంది.

అందుకని సాధన ఇట్లా ఏర్పాటు చేశాను. ప్రతి ఉత్తరాన్నీ ముందు తెలుగులో రాయాలి, అదీ ఆ పని చేయడం తన విధి కాని, తనకు పరిచయం లేని ఒక పెద్దమనిషిని అడుగుతున్నట్టు రాయాలి. అందులో ‘వీలైతే’, ‘ఇస్తారా’ ఎక్కడ వచ్చాయో గీత గీసుకోవాలి. ఆ గీతలున్న చోటనే ఇంగ్లీషులో ‘కుడ్ యూ’, ‘వుడ్ యూ బీ ఏబుల్ టు’, ‘వుడ్ యూ మైండ్’ రావాలి. మొదటి నమూనా ఉత్తరం ఈ పద్ధతిలో ఇట్లా తయారైంది: ‘ద డ్రాఫ్ట్ బీఎల్ ఈజ్ ఎటాచ్డ్. కుడ్ యూ ప్లీజ్ చెక్ ద కన్సైనీ డీటెయిల్స్ అండ్ లెట్ మీ నో బై ఫోర్ పీఎం అవర్ టైమ్? ఆఫ్టర్ దట్ ద లైన్ చార్జెస్ ఫర్ చేంజెస్.’ (కన్సైనీ అంటే సరుకు అందుకునేవారు.) ఇక్కడ ‘ఇమ్మీడియట్లీ’ పోయి దాని స్థానంలో గడువూ, గడువుకు కారణమూ వచ్చాయి. తొందర తగ్గిందని అనుకోనక్కరలేదు. నాలుగు గంటల తరువాత మార్పులకు షిప్పింగ్ లైను రుసుము వసూలు చేస్తుందన్న సమాచారం అందుకున్న మనిషి తొందర పడాలో వద్దో తానే నిర్ణయించుకుంటుంది.

వ్యాకరణం తెచ్చిన ప్రశ్నలు

ఎక్కువ సమయం పట్టింది భూతకాల రూపాల దగ్గర. ‘వుడ్ యూ మైండ్ ఇఫ్ వుయ్ సెంట్ ద ఒరిజినల్స్ టుమారో?’ అన్న వాక్యం చూసి ఆమె పెన్ను కింద పెట్టేసింది. ‘టుమారో అని ఉంటే సెంట్ ఎట్ల వస్తాది సార్? సెండ్ గదా ఉండాల?’ ఈ ప్రశ్న అడగని విద్యార్థిని నేను ఇంతవరకు చూడలేదు. ఈ ‘సెంట్’ జరిగిపోయిన పనిని చెప్పదు. ప్రతిపాదనను మాట్లాడేవారి నుంచి కొంచెం దూరం జరుపుతుంది. ‘కెన్’ కన్నా ‘కుడ్’, ‘విల్’ కన్నా ‘వుడ్’ మెత్తన కావడం వెనకా, ‘ఐ వాంటెడ్ టు ఆస్క్’, ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్’ అన్న పలుకుబళ్ల వెనకా ఉన్నది ఇదే. ఈ సూత్రం చెప్పినప్పుడు ఆమె తల ఊపింది గానీ అది ఒప్పుకోలు కాదని తెలుస్తూనే ఉంది. అప్పుడు ఆమె నోటి మాటే ఆమెకు గుర్తు చేశాను. ఆరోజు తరగతిలోకి అడుగు పెడుతూనే ‘మిమ్మల్ని ఒకటి అడగాలనుకున్నా సార్’ అంది. అడగాలన్న కోరిక ఇంకా తీరలేదు, అప్పుడే మొదలైంది కూడా. అయినా క్రియ భూతకాలంలో ఉంది. ‘అడగాలనుకుంటున్నా’ అంటే కొంచెం నిలదీసినట్టు ఉంటుందని ఆమే చెప్పింది. ఆపైన ‘సెంట్’ గురించి మళ్లీ ప్రశ్న రాలేదు.

ఇదే పలుకుబడిలో ‘డూ యూ మైండ్’ అని మొదలుపెడితే ‘ఇఫ్ వుయ్ సెండ్’ అని వర్తమానమే రావాలి. ఎదుటివారిని పని చేయమని కోరేటప్పుడు ‘వుడ్ యూ మైండ్ సెండింగ్’ అని ఇంగ్ రూపం రావాలి, ‘టు సెండ్’ కుదరదు. జవాబు విషయంలో ఇంకో మెలిక ఉంది. ఒకసారి అటునుంచి ఫోన్‌లో ‘వుడ్ యూ మైండ్ రీసెండింగ్ ద ప్యాకింగ్ లిస్ట్?’ అని అడిగితే ఈమె ఉత్సాహంగా ‘యెస్, మేడమ్’ అంది. వ్యాకరణం ప్రకారం దాని అర్థం, నాకు అభ్యంతరం ఉందని. మాట తీరును బట్టి చాలామంది సరిగ్గానే అర్థం చేసుకుంటారు, ఇంగ్లండ్‌లో పుట్టినవాళ్లు కూడా ‘యెస్, ష్యూర్’ అనేస్తుంటారు, కాబట్టి దీన్ని ఘోరమైన తప్పుగా నేను లెక్కించను. అయినా అప్పటికే మనసు నొచ్చుకుని ఉన్న మనిషితో ఆ సందు మిగల్చకపోవడం మేలు. ‘ఏమైనా అనుకుంటారా?’ అని అడిగితే మనం ‘అయ్యో, ఏమనుకోను’ అని కాదన్నట్టే జవాబిస్తాం. ఇక్కడా అంతే, ‘నో, నాట్ ఎటాల్’.

వాక్యంలో మాటల వరుస మరో చిక్కు. ప్రశ్నను ‘కుడ్ యూ టెల్ మీ’ వెనక పెట్టగానే లోపలి ప్రశ్న మామూలు వాక్యం వరుసలోకి మారాలి. ‘కుడ్ యూ టెల్ మీ వెన్ ద వెసల్ విల్ ఎరైవ్?’ అనాలి, ‘వెన్ విల్ ద వెసల్ ఎరైవ్’ అనకూడదు. విచిత్రమేమిటంటే నేరు ప్రశ్నలో మార్చవలసిన చోట ఆమె మార్చదు, ‘వై యూ హావ్ నాట్ రిప్లైడ్’ అంటుంది; మార్చకూడని చోట మారుస్తుంది. ఆ ‘వై యూ హావ్ నాట్’ను ‘వై హావ్ యూ నాట్’గా దిద్దితే వ్యాకరణం కుదురుతుంది గానీ నిలదీత అట్లాగే ఉంటుంది. అందుకని ఆ వాక్యాన్నే పక్కన పెట్టించి ‘ఐ యామ్ జస్ట్ చెకింగ్ వెదర్ యూ హావ్ హ్యాడ్ ఎ చాన్స్ టు లుక్ ఎట్ ద డ్రాఫ్ట్’ అని రాయించాను.

‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్’ను ‘హియరింగ్’గా, ‘ఐ వుడ్ అప్రీషియేట్ ఇఫ్’ను ‘ఐ వుడ్ అప్రీషియేట్ ఇట్ ఇఫ్’గా మార్చుకోవడం చిన్న పనులు. ‘థాంక్స్ ఇన్ అడ్వాన్స్’ను కొందరు, పని ఒప్పుకోకముందే ఒప్పుకున్నట్టు లెక్కగట్టడంగా భావిస్తారు, మానేస్తే పోయేదేమీ లేదు. క్షమాపణ సంగతి ఒక మాట చెప్పాలి. గుంతకల్లు జంక్షన్‌లో రైలు ఆలస్యమైనప్పుడు మైకులో వినిపించే అసౌకర్యానికి చింతిస్తున్నామన్న ప్రకటన మనందరికీ కంఠతా వచ్చు. దాని ఇంగ్లీషు రూపంలో చింతిస్తున్నది ఎవరో వాక్యంలో కనిపించరు. స్టేషన్‌కు అది చెల్లుతుంది. ఒక మనిషి మరొక మనిషికి రాసే ఉత్తరంలో ‘ఐ యామ్ సారీ ఎబౌట్ ద డిలే’ అని కర్తతో సహా రాసి, వెంటనే ఏం చేశామో చెప్పడం మంచిది.

మందు ఎక్కువైనప్పుడు

అడిగే పద్ధతి పట్టుబడిన తరువాత ఈ అమ్మాయి దాన్ని అన్నిచోట్లా వాడడం మొదలుపెట్టింది. ఇది నేను ఎదురుచూసినదే. దాదాపు అందరూ ఈ దశ దాటుతారు. పక్క గదిలోని సహోద్యోగిని స్టేప్లర్ అడగడానికి ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ పాసిబ్లీ’ అని మెసేజ్ పంపితే వాళ్లు ఏడిపించారు. అది నవ్వుతో పోయింది. కంటైనర్ విషయం నవ్వుతో పోయేది కాదు.

అరటిని సాధారణంగా 13 నుంచి 14 డిగ్రీల మధ్య పంపుతారు. అంతకు తగ్గితే చలికి తొక్క నల్లబడుతుంది, పెరిగితే దారిలోనే పండడం మొదలవుతుంది. ఒక రీఫర్ (శీతల) కంటైనర్ రీడింగు 16 చూపిస్తోందని తెలిసినప్పుడు ఆమె షిప్పింగ్ లైనుకు రాసిన ఉత్తరం, ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించమని మొదలై, సమయం దొరికితే యూనిట్‌ను ఒకసారి చూడడం సాధ్యపడుతుందేమోనని ఆలోచిస్తున్నానని ముగిసింది. అందుకున్న గుమాస్తా దానిని తీరిక ఉన్నప్పుడు చూడవలసిన ఉత్తరాల్లో వేసుకున్నాడు. యజమాని ఫోన్ చేసి గట్టిగా మాట్లాడితే గానీ పని కదలలేదు.

మెత్తదనం తూకం ఎదుటి మనిషి హోదాను బట్టి కాక అడిగే పని బరువును బట్టి ఉండాలన్నది ఈ కేసులో నేను అన్నిటికన్నా ముఖ్యంగా పట్టుకున్న విషయం. మన అలవాటు మొదటిదాన్నే చూస్తుంది: పెద్దవారైతే ఎక్కువ మర్యాద, చిన్నవారైతే తక్కువ. ఇంగ్లీషు ఉత్తరంలో చూడవలసింది, అది వాళ్లు చేయవలసిన పనేనా, ఎంత శ్రమ పడాలి, ఎవరికి మేలు అన్నది. కూర్చోమనడానికి, టీ తీసుకోమనడానికి, సందేహాలుంటే అడగమనడానికి ఎంత పెద్దవారితోనైనా ‘ప్లీజ్’ చేర్చిన విధిరూపం చక్కగా సరిపోతుంది, ఎందుకంటే మేలు వాళ్లది. రోజువారీ పత్రాలకు ‘కుడ్ యూ ప్లీజ్’ చాలు. నిబంధనకు మించి సహాయం కోరితే, ఉదాహరణకు చెల్లింపు గడువుకు ముందే డబ్బు పంపమని అడిగితే, అప్పుడు ‘ఐ వాజ్ వండరింగ్’ రావాలి. అపాయంలో ఉన్న సరుకు విషయంలో ఇవేవీ పనికిరావు. ఆ ఉత్తరాన్ని మళ్లీ ఇట్లా రాయించాను: ‘ద కంటైనర్ ఈజ్ రీడింగ్ సిక్స్‌టీన్ డిగ్రీస్. ద సెట్ పాయింట్ ఈజ్ థర్టీన్ పాయింట్ ఫైవ్. ప్లీజ్ చెక్ ద యూనిట్ నౌ అండ్ కన్ఫర్మ్ బై ఫోన్.’ (సెట్ పాయింట్ అంటే కంటైనర్‌లో ఉండాలని పెట్టిన ఉష్ణోగ్రత.) ఇందులో విధిరూపమే ఉంది, అది అమర్యాద కాదు.

ఫలితం

కొనుగోలుదారు వైపు నుంచి మళ్లీ ఫిర్యాదు రాలేదు. జవాబులు మునుపటికన్నా త్వరగా వస్తున్నాయని ఆమె అంటోంది. ఉత్తరాల తీరు మారడమే అందుకు కారణమని నేను రూఢిగా చెప్పను, కొత్తగా చేరిన మనిషికి పని అలవాటు కావడం కూడా కావచ్చు. యజమాని మాత్రం పూర్తిగా ఒప్పుకోలేదు. ‘ఇంత మెత్తగా రాస్తే ముంబయి ఏజెంట్లు లెక్కచేస్తారా సార్?’ అన్నారు. ఆయన మాటలో నిజముంది. దేశంలోపలి వ్యవహారానికి పాత పద్ధతినే ఉంచేశాం. ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ అక్కడ ఎవరినీ నొప్పించదు, పని ఆగదు. రెండు రకాల పాఠకులకు రెండు నమూనాల దస్త్రాలు ఇప్పుడు ఆమె కంప్యూటర్‌లో విడివిడిగా ఉన్నాయి.

తేలనిది సంబోధన ఒక్కటే. కొనుగోలు అధికారిణి తన ఉత్తరాల చివర మొదటి పేరు మాత్రమే రాసి, అదే పేరుతో పిలవమని కూడా కోరారు. తల్లి వయసున్న మనిషిని పేరు పెట్టి రాయడానికి ఈమెకు చేయి రావడం లేదు, ‘డియర్ మేడమ్’ అనే రాస్తోంది. పేరు తెలిసిన మనిషికి ‘డియర్ మేడమ్’ రాస్తే ఆ పేరు పట్టించుకోనట్టు అనిపించవచ్చని వివరించాను. ‘మిజ్’ తరువాత ఇంటిపేరు రాయాలి తప్ప మొదటి పేరు రాయకూడదని కూడా చెప్పాను. ఇంటిపేరు ముందు రాసుకునే మన పద్ధతి వల్ల అటువైపు వాళ్లు ఈమెను ఇన్నాళ్లుగా ఇంటిపేరుతోనే పిలుస్తున్న సంగతి అప్పుడే బయటపడింది. ఉత్తరం చివర సంతకంలో పేర్ల వరుస మార్చుకుంది. ప్రస్తుతానికి కొత్త విషయం మీద రాసే మొదటి ఉత్తరంలో ‘డియర్ మిజ్’ తరువాత ఇంటిపేరు, ఆ వరుసలో వచ్చే తరువాతి ఉత్తరాల్లో పేరు లేకుండా ‘హలో’ అని కుదుర్చుకున్నాం.